సగం డైలాగు, జత కళ్లద్దాలు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గెలిచాక ఇంట్లో ఇంకా ఎన్నాళ్లుండాలో మాత్రం చెప్పలేదు. సామెతలోని ఈ లోపానికి బలైనవారు అమెరికన్ టీవీ నటుడు డేవిడ్ కరూసో గారు.

1993లో అమెరికాలోని ఏబీసీ చానల్లో ‘ఎన్‌వైపీడీ బ్లూ’ అనే పోలీసు సీరియల్ మొదలైంది. డిటెక్టివ్ కెల్లీ వేషంతో కరూసో గారు ఒక్క సీజన్లో స్టారయ్యారు, గోల్డెన్ గ్లోబ్ అవార్డు కూడా కొట్టారు. రెండో సీజన్లో నాలుగు ఎపిసోడ్లు చేశారో లేదో, సీరియల్‌ను మధ్యలో వదిలేసి సినిమాల దారి పట్టారు. 1995లో రెండు సినిమాలొచ్చాయి. రెండూ బోల్తా. ఆయన లేకుండానే సీరియల్ 2005 దాకా నడిచింది. అందులో ఆయన పక్కన నిలబడే నటుడు డెన్నిస్ ఫ్రాంజ్ మాత్రం ఎక్కడికీ కదలకుండా నాలుగు ఎమ్మీ టీవీ అవార్డులు పట్టుకెళ్లారు. 1997లో ‘సౌత్ పార్క్’ కార్టూన్ మొదటి ఎపిసోడ్‌లోనే, ‘డేవిడ్ కరూసో కెరీర్‌ను ఇమిటేట్ చెయ్యి’ అని వాళ్లన్నయ్య అనగానే ఓ బుడ్డోడు పైనుంచి కిందికి దూకేశాడు. ఇంతకన్నా సూటిగా ఏ విమర్శకుడు రాయగలడు?

అయితే ‘సగంలో వదిలెయ్యడం’ అనే కళకు అసలు గుర్తింపు 2002లో వచ్చింది. ‘సీఎస్ఐ: మయామీ’ అనే నేర పరిశోధన సీరియల్లో ఆయన హొరేషియో కేన్ అనే అధికారి. శవం పడి ఉంటుంది. ఆయన ఎదుటి మనిషి వైపు కాకుండా పక్కకు తిరిగి నిలబడతారు, అదేం మర్యాదో మరి. సగం డైలాగు చెబుతారు. ఆగుతారు. నల్ల కళ్లద్దాలు నెమ్మదిగా పెట్టుకుంటారు. మిగతా సగం చెప్పగానే టైటిల్ పాట మొదలై, ‘ది హూ’ రాక్ బ్యాండ్ గాయకుడు గావుకేక పెడతాడు. హంతకుడు దొరికాడని కాదండీ, డైలాగు పూర్తయిందని!

పేరుకు మయామీ గానీ షూటింగ్ ఎక్కువగా కాలిఫోర్నియాలోనే. కాబట్టి ఆ అద్దాలు ఫ్లోరిడా ఎండకు పెట్టుకున్నవి కావు, నటనకే. ఎమ్మీ వారికి నా విన్నపం: ఉత్తమ సహాయ నటుడితో పాటు ఉత్తమ సహాయ వస్తువుకూ ఒక అవార్డు పెట్టండి.

పదేళ్లు, 232 ఎపిసోడ్లు. ఈసారి ఆయన వదల్లేదు. 2012లో సీబీఎస్ చానల్ వారే దుకాణం కట్టేశారు. ఆయన నటనకు దూరమయ్యారు. అద్దాలు మాత్రం ఇంటర్నెట్ మీమ్‌లలో ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. ఎవరో ఓ పాడు జోకు మొదలెట్టి సగంలో ఆపుతారు, అద్దాలు కళ్ల మీదికి దిగుతాయి, ఆ కేక వినిపిస్తుంది.