సరాసరి అల

విశాఖపట్నంలో పుట్టి, అక్కడే చదివి, ముప్పై మూడేళ్లు అక్కడే లెక్కలు చెప్పి, అక్కడే పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. సముద్రంతో నా పరిచయం మాత్రం మోకాళ్ల దాకానే. ఈ మాట బయటి ఊళ్లవాళ్లు నమ్మరు. వాళ్ల ఉద్దేశంలో విశాఖవాసి పొద్దున్నే సముద్రంలో ముఖం కడుక్కుంటాడు. నిజానికి మా ఊళ్లో సముద్రానికి వెళ్లడమంటే ప్యాంటు రెండు మడతలు పైకి మడవడం, ఒక చేత్తో చెప్పులూ ఇంకో చేత్తో మురీ మిక్చరు పొట్లమూ పట్టుకోవడం, అల వస్తే వెనక్కీ అల పోతే ముందుకీ నడవడం. పొట్లం ఖాళీ అయితే సముద్రం కూడా అయిపోయినట్టే. ఇంటికి వచ్చేస్తాం.

అయితే సముద్రం గురించి మాట్లాడటంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, ఆ కాసేపూ రోడ్డు నడిచేవాళ్లది. కురుసుర జలాంతర్గామికి కాస్త ఇవతల, గోడ మీద మా సభ కొలువుదీరుతుంది. పోర్టులో పనిచేసినాయన ఒకరు, స్టీలు ప్లాంటాయన ఒకరు, డాక్‌యార్డాయన ఒకరు, నేను. నలుగురిలో ఒక్కరికీ ఈత రాదు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, ఆ పైన ఇసుకలో విశ్రాంతి తీసుకుంటున్న కురుసురకూ మాకూ తేడా ఒకటే. అది ఒకప్పుడు నీళ్లలోకి దిగింది.

మా సభలో కాలాన్ని హుద్‌హుద్‌కు ముందు, హుద్‌హుద్ తర్వాత అని లెక్కిస్తారు. 2014 అక్టోబరు 12న ఎవరి ఇంటి కిటికీ ఎవరి ఇంట్లో పడిందో ఇప్పటికీ తేలలేదు, వారానికొకసారి వాదన జరుగుతూనే ఉంటుంది. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు, ఊరు ఊరంతా పిల్లాపాపలతో పెళ్లిచూపులకు వెళ్లినట్టు వెళ్లి చూసి వచ్చింది. ఆ ఓడను మళ్లీ నీళ్లలోకి ఎలా లాగాలో మా గోడ మీద కూర్చుని పోర్టాయన నెలల తరబడి చెప్పారు. లాగేవాళ్లకు మాత్రం ఆయన సలహా చేరలేదు.

నేను లెక్కల మనిషిని. ‘ఇవాళ సముద్రం కాస్త కోపంగా ఉంది’ లాంటి మాటలు నాకు ఆనవు. కోపం ఎంత? ఏ కొలమానంలో? అందుకని ఫోనులో సముద్రపు సూచనలు చూడటం మొదలుపెట్టాను. వాటిని తయారుచేసేది ఇన్‌కాయిస్ అనే జాతీయ కేంద్రం. అది ఉన్నది హైదరాబాదులో! అల అన్నది చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊరు, దేశం చుట్టూ ఉన్న సముద్రానికి జాతకం రాస్తుంది. సునామీ హెచ్చరిక చేసేదీ, చేపలు ఎటువైపు ఉండవచ్చో మత్స్యకారులకు చెప్పేదీ కూడా అదే. మా తీరానికి అల ఎత్తు ఇన్ని మీటర్లు, అలకూ అలకూ మధ్య ఇన్ని సెకన్లు, వచ్చే దిక్కు ఇది అని రోజూ మూడు సంగతులు చెబుతారు. లెక్కల మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి? రోజూ గోడ మీద వాటిని పైకి చదివేవాణ్ణి. నెల తిరిగేసరికి మా వీధిలో బట్టలు ఆరేయాలన్నా నన్నే అడగసాగారు. అలలకూ బట్టలకూ సంబంధం లేదని చెప్పవచ్చు. చెప్పలేదు. గౌరవం ఊరికే వస్తుంటే కాదనడం ఎందుకు?

ఇలా ఉండగా ఆషాఢంలో మా బావమరిది గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగాడు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. ఎక్కడో సెలవులకు వెళ్లినప్పుడు ఎవరో అల మీద బల్ల వేసుకుని నిలబడటం చూశాడట, అప్పటి నుంచి ప్రాణం నిలవడం లేదట.

“బావా, ఋషికొండలో సర్ఫింగ్ నేర్పుతారటగా. ఏ రోజు వెళ్తే బాగుంటుంది?” అన్నాడు.

అల్లుడికి ముహూర్తం పెట్టే సిద్ధాంతిలా ఫోను తీశాను. “శనివారం. అల తొంభై సెంటీమీటర్లు. వ్యవధి పద్నాలుగు సెకన్లు. నడుము దాకా కూడా రాదు. పద్నాలుగు సెకన్లకు ఒకటి అంటే తీరికగా, మర్యాదగా వచ్చే అలలు. పెద్దవాళ్లకు కూడా అనుకూలం.”

ఆ చివరి వాక్యం అనకుండా ఉండవలసింది.

“అయితే మీరూ రండి బావా!”

మా ఆవిడ వంటింట్లోంచి, “ఆయన బక్కెట్టులో నీళ్లు కూడా చెంబుతోనే పోసుకుంటారురా” అంది. ఆవిడ నన్ను కాపాడాలనే అన్నదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం రోషం వచ్చింది. వస్తానన్నాను.

శనివారం ఆరింటికల్లా ఋషికొండలో ఉన్నాం. శుభ్రంగా, భద్రంగా ఉండే తీరాలకిచ్చే నీలి జెండా గుర్తింపు 2020లో వచ్చిన తీరం ఇది. ఆ జెండా ఎగిరే చోటికి కాస్త అవతల, పడవలు నిలిపిన వైపు మా శిక్షణ. నేర్పే కుర్రాడు పక్క పేట మత్స్యకారుల పిల్లవాడు. తెల్లవారుజామునే ఎందుకు రమ్మన్నాడో అతనే చెప్పాడు. ఆ వేళ నేల చల్లబడి, గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది, అల ముఖం నున్నగా నిలబడుతుంది. ఎండెక్కి గాలి తిరిగితే నీళ్లన్నీ చిందరవందర. ఈ సంగతి నా మూడు అంకెల్లో లేదు.

నాకొక బిగుతు చొక్కా తొడిగారు. పొట్ట చుట్టుకొలత ఎంతో ఊళ్లో ఎవరికీ తెలియకుండా ముప్పై ఏళ్లుగా దాచుకొచ్చిన రహస్యం ఒక్క నిమిషంలో బట్టబయలైంది. కళ్లజోడు తీసి మేనల్లుడి చేతికిచ్చాను. నాకన్నా పొడుగైన బల్ల ఇచ్చి, దాని తాడు నా చీలమండకు కట్టారు. గేదె తప్పిపోకుండా కడతారు చూడండి, అలా. ఇక్కడ గేదె ఎవరన్నది అరగంటలో తేలింది.

ముందు పాఠం ఇసుకలోనే. బల్ల మీద బోర్లా పడుకోవాలి, చేతులతో నీళ్లు తోస్తున్నట్టు నటించాలి, ‘లేవండి’ అనగానే ఒక్క ఊపున లేచి నిలబడాలి. మా బావమరిది లేచాడు. వాడి పిల్లలు లేచారు. నేను ముందు మోకాలు, తర్వాత చెయ్యి, తర్వాత శ్రీరామా అనే మాట, ఆ తర్వాత రెండో మోకాలు, ఇలా విడతలవారీగా లేచాను. పక్కనే పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన సూది ఆపి చూశాడు.

“మేం తెప్ప మీద నిలబడి తెడ్డు వేసినవాళ్లమే బాబూ. డబ్బులిచ్చి మరీ పడటం ఇప్పుడే చూస్తున్నాను.”

“ఇవాళ అల తొంభై సెంటీమీటర్లేనండి” అన్నాను, నా హోదా ఆయనకు తెలియాలి కదా.

ఆయన సముద్రం కేసి చూశాడు. “ఇది దూరపు నీరు. ఇప్పుడు చిన్నగానే ఉంటుంది. వరుస వచ్చినప్పుడు చూడండి” అని మళ్లీ సూది అందుకున్నాడు.

నడుము లోతు దాటనివ్వనని కుర్రాడు మాటిచ్చాడు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఎదురీదవద్దనీ, ఒడ్డుకు సమాంతరంగా జరగాలనీ చెప్పాడు. ‘సమాంతరం’ అనే మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. మన సబ్జెక్టే!

మొదటి నాలుగు అలలకు నాలుగు సార్లు పడ్డాను. ఉప్పునీళ్లు ముక్కులోంచి వెళ్లి ఎక్కడి నుంచి బయటికొస్తాయో శరీర శాస్త్రం చదవకుండానే తెలుసుకున్నాను. అయిదోసారి బల్ల మీద బోర్లా పడుకుని ఊపిరి తీసుకుంటుండగా, ఒడ్డున ఎర్రగా ఏదో ఊగుతోంది. కళ్లజోడు లేదు కదా, ఎరుపొక్కటే తెలుస్తోంది, చాలా పెద్దదిగా, గాలికి రెపరెపలాడుతూ. గుండె జారిపోయింది. ఎర్ర జెండా! రక్షక సిబ్బంది ప్రమాదమని చెబుతున్నారన్నమాట. నీలి జెండా తీరంలో ఎర్ర జెండా ఎత్తారంటే సామాన్యమా?

“ఒడ్డుకు పదండి! ఒడ్డుకు!” అని అరిచి, రెండు చేతులతో నీళ్లు తోయడం మొదలుపెట్టాను. ఆ రోజు మొత్తం మీద నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. సరిగ్గా అదే సమయానికి ముసలాయన చెప్పిన వరుస వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. సూచనల్లో ఇచ్చే అల ఎత్తు ప్రతి అల ఎత్తూ కాదు. వచ్చే అలల్లో ఎత్తయిన మూడోవంతును తీసుకుని, వాటికి కట్టిన సరాసరి అది. సరాసరి కనుక వాటిలో కొన్ని ఎక్కువే ఉంటాయి, ఎప్పుడో ఒకటి రెట్టింపు దాకా రావచ్చు. ఇక పద్నాలుగు సెకన్లంటే మర్యాద కాదు. ఆరేడు వేల కిలోమీటర్ల అవతల, దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుపాను గాలులకు పుట్టి, దాదాపు వారం రోజులు ప్రయాణం చేసి వచ్చిన అల అని అర్థం. అంత దూరం నుంచి వచ్చిన చుట్టం గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోతుందా? లోతు తగ్గేకొద్దీ ఒళ్లు విరుచుకుని లేస్తుంది. ఆ కేంద్రం వాళ్లు చెప్పడంలో తప్పేమీ లేదు, చదవడం రానిది నాకు. సరాసరి లోతు మోకాలి బంటి అని లెక్క తేల్చి ఇంటిల్లిపాదినీ ఏట్లో దింపిన కరణం కథ ఏటేటా తొమ్మిదో తరగతికి నవ్వుతూ చెప్పినవాణ్ణి!

వెనక నుంచి బల్ల తోక లేచింది. తర్వాత నేను చేసిందేమీ లేదు, అంతా అలే చేసింది. బోర్లా పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే, చెవుల్లో రైలు మోతతో, ఒడ్డు కేసి దూసుకుపోతున్నాను. ఎర్ర జెండా క్షణక్షణానికీ పెరుగుతోంది. దానికి తల ఉంది. పక్కన నల్ల కోటు ఒకటి ఉంది. జెండాకు కోటెందుకు అని ఆలోచించేలోగా జెండా చివర నా బల్ల కిందికి వెళ్లింది, బల్ల తాడు జెండాలోకి వెళ్లింది, నేను ఇసుకలోకి వెళ్లాను.

అది జెండా కాదు, గౌను. పెళ్లికి ముందు తీయించుకునే ఫోటోల కోసం అద్దెకు తెచ్చిన పదిహేనడుగుల తోక గౌను. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక శ్రావణం పెళ్లిళ్లవాళ్లందరూ ఫోటోలకు మా తీరం మీదే పడతారు. నల్ల కోటు పెళ్లికొడుకు. ముగ్గురం ఒకే గుడ్డలో చిక్కుకుని, మీద నుంచి వచ్చిన రెండో అలకు మరో చుట్టు చుట్టుకున్నాం. నెత్తిన తేనెటీగ రొదలా డ్రోన్ తిరుగుతోంది.

“సార్, అలాగే ఉండండి, కదలవద్దు” అని ఫోటోగ్రాఫరు అరిచాడు. అతను ఎవరికి చెప్పాడో ఇప్పటికీ స్పష్టత లేదు. నేను మాత్రం కదల్లేదు. కదల్లేను కూడా.

గౌనులోంచి పెళ్లికూతురు నా మొహంలోకి చూసింది. జుట్టంతా ఇసుక, కళ్ల కాటుక చెంపల మీద. ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ జోడించింది.

“నమస్కారం మాస్టారూ! బాగున్నారా? పదో తరగతి ‘బి’ సెక్షన్ అండి.”

తలకిందులుగా ఉండి ఆశీర్వదించవచ్చునో లేదో శాస్త్రం తెలియదు. ఆశీర్వదించాను.

తాడు విప్పడానికి వల బాగుచేసే ముసలాయనే రావలసి వచ్చింది. నన్నూ గౌనునూ వేరు చేయడానికి ఆయనకు రెండు నిమిషాలు పట్టింది. “పెద్ద చేపే పడింది” అని తనలో తను అనుకున్నట్టుగా, అందరికీ వినపడేలా అన్నాడు. గౌను అద్దె సొమ్ము నేను ఇస్తానన్నాను. పెళ్లికొడుకు మంచివాడు, పుచ్చుకోలేదు. మా బావమరిది ఈ గొడవేమీ చూడలేదు. అదే వరుసలో మూడో అల మీద వాడు మూడు సెకన్లు నిలబడ్డాడట. ఇంటికి వెళ్లేదాకా ఆ మూడు సెకన్ల గురించి నలభై నిమిషాలు చెప్పాడు.

ఆ అమ్మాయి మా పోర్టాయన కూతురని మరునాడు గోడ మీదకు వెళ్లాకే తెలిసింది. నేను వెళ్లేసరికి సభ నిశ్శబ్దంగా ఉంది. డాక్‌యార్డాయన కాస్త జరిగి చోటిచ్చి, “తెన్నేటి పార్కు ఓడకన్నా నయం. దాన్ని తీయడానికి నెలలు పట్టింది” అన్నారు. ఆ రోజు నేను అంకెలు చదవలేదు. ఎవరూ అడగలేదు కూడా. మా వీధిలో ఎవరి బట్టలు వాళ్లే ఆరేసుకున్నారు.

శ్రావణంలో పెళ్లికి వెళ్లక తప్పలేదు. ముహూర్తానికి ఇంకా గంట ఉంది. మండపం పక్కన గోడంత తెర. వధూవరులు ఋషికొండ ఇసుకలో చేతులు పట్టుకుని చాలా నెమ్మదిగా నడుస్తున్నారు. వెనక వేణువు. ఎర్ర గౌను గాలికి తేలుతోంది. అప్పుడు తెర కుడి మూలన, నురగలోంచి బట్టతల ఒకటి ఉదయించింది. అదీ నెమ్మదిగానే. వీడియో తీసినవాడు దాన్ని కత్తిరించకపోగా, నాలుగో వంతు వేగానికి తగ్గించి, వేణువు ఆపి మృదంగం పెట్టాడు.

హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది. మా వెనక వరుసలో ఎవరో పెద్దావిడ, “ఆ వచ్చేది తాబేలా అమ్మా?” అని అడుగుతోంది. మూడుసార్లు వేశారు. మూడోసారికి పోర్టాయన పట్టుపంచె ఎగ్గట్టుకుని నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, తెర మీది అలను వేలితో చూపిస్తూ గట్టిగా అడిగారు.

“మాస్టారూ, ఇది ఎన్ని సెంటీమీటర్లండీ?”

మా ఆవిడ పక్కనే ఉంది. నేను నోరు తెరిచేలోగా, “తొంభై అన్నయ్యగారూ, సరాసరిన” అంది.