బ్యాచ్ మారితే మట్టి లెక్క మళ్లీ మొదటికే

బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) పేరుతో విద్యార్థులు ఒక సెమిస్టర్ పల్లెల్లో రైతుల వెంట ఉంటారు. మట్టి నమూనాలు తీస్తారు, విత్తనశుద్ధి చేసి చూపిస్తారు, రికార్డు రాసి వెళ్లిపోతారు. అన్ని రోజులు పొలాల్లో తిరిగి, కొలిచి, రాసిపెట్టే తీరిక ఇంకెవరికీ లేదు. కాకపోతే ఒక సెమిస్టర్‌లో తేలని దాన్ని కొలవడానికే ఆ తీరికంతా పోతోంది.

సేంద్రియ కర్బనం సంగతే చూడండి. ఎకరంలో పైన ఉండే 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 900 టన్నులు తూగుతుంది. కర్బనం 0.4 శాతం నుంచి 0.5కు పెరగాలంటే 900 కిలోల కర్బనం అదనంగా నేలలో నిలవాలి. ఎకరాకు 5 టన్నుల పశువుల ఎరువు తోలినా అందులో సగం దాకా నీళ్లే. మిగిలిన దాంట్లో కర్బనం మూడో వంతు ఉంటే గొప్ప. అందులోనూ ఎక్కువ భాగాన్ని సూక్ష్మజీవులు తిని గాలిలో కలిపేస్తాయి, మన ఎండలకు ఇంకా తొందరగా. కాబట్టి మూడు నెలల్లో కర్బనం పెరిగిందని రికార్డులో కనిపిస్తే, రెండోసారి నమూనా తీసిన చోటు మారిందేమోనని ముందు అనుమానించాలి.

ఎకరాకు 8 నుంచి 10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్లు తవ్వి, గుంత అంచు వెంట పైనుంచి కిందిదాకా ఒకే మందంతో చెక్కాలి. నేల గట్టిగా ఉందని పైపైన గీకితే కర్బనం ఎక్కువ చూపిస్తుంది. గట్టు పక్క, చెట్టు కింద, పెంట కుప్ప వేసిన చోట తీయకూడదని అందరికీ తెలుసు. తీసిన మట్టిని పాత యూరియా సంచిలో పోయడం, జింకు పూత బకెట్‌లో కలపడం మాత్రం మామూలైపోయింది. ఆ నమూనాకు నత్రజని, జింకు అంకెలు నమ్మలేం. చెల్క నేలల్లో ఇంకో చిక్కుంది: జల్లెడలో మిగిలిన గులకరాళ్లను తూచకుండా పారేస్తే ల్యాబ్ చెప్పే శాతం మెత్తటి మట్టిదే అవుతుంది, పొలం మొత్తానిది కాదు.

2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలున్నాయి: ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, తొమ్మిది పోషకాలు. వానపాము ఊసే లేదు. విద్యార్థులు పూరించదగ్గ ఖాళీ ఇదే, పైగా ఖర్చు లేని పని. 25 సెంటీమీటర్ల చదరం, 30 సెంటీమీటర్ల లోతు మట్టి తవ్వి పట్టా మీద పోసి చేత్తో ఏరాలి. దొరికిన వానపాముల సంఖ్యను 16తో గుణిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది. మంచి వాన పడ్డాక, పొద్దున్నే చేయాలి. ఎండాకాలం అవి లోతుకు దిగిపోతాయి కాబట్టి మేలో సున్నా వచ్చినంత మాత్రాన నేల చచ్చిపోయినట్టు కాదు. పోల్చే రెండు పొలాలనూ ఒకే వారంలో చూడాలి, అవి ఒకే రకం నేలలై ఉండాలి. నల్లరేగడిని ఎర్రనేలతో పోల్చి ప్రకృతి సేద్యం గొప్పదనం చెప్పడం మాత్రం మానుకోవాలి.

నేల మీద తిరిగే పురుగుల లెక్క ఇంకా ఆసక్తికరం, ఇంకా మోసకారి. ప్లాస్టిక్ గ్లాసును నేలలో పాతి, మూడో వంతు ఉప్పునీళ్లు పోసి, వాసన లేని సబ్బునీళ్లు రెండు చుక్కలు వేస్తారు. సబ్బు లేకపోతే తేలికపాటి పురుగులు నీటి మీద నిలబడి తప్పించుకుంటాయి. గ్లాసు అంచు మట్టికి కాస్త పైకి ఉన్నా పెంకు పురుగు పక్కనుంచి చుట్టి పోతుంది. వాన పడితే గ్లాసు నిండి పొర్లుతుంది కనుక పైన రెండు వేళ్ల ఎత్తులో చిన్న కప్పు పెట్టాలి. పొలానికి ఐదు గ్లాసులు, 48 గంటలు. తర్వాత సాలీళ్లు, పెంకు పురుగులు, చీమలు, కీచురాళ్లు వేరుచేసి లెక్కపెడితే చాలు, జాతుల పేర్లతో పనిలేదు. అసలు తిరకాసు ఆ తర్వాత వస్తుంది. నవధాన్య పైర్లు (రకరకాల విత్తనాలు కలిపి చల్లినవి) దట్టంగా ఉన్న పొలంలో పురుగు నడక మందగిస్తుంది, గ్లాసులో తక్కువ పడతాయి. శుభ్రంగా కలుపు తీసిన పక్క పొలంలో అవే చకచకా తిరిగి ఎక్కువ పడతాయి. గ్లాసు చెప్పేది ఎన్ని తిరిగాయో గానీ ఎన్ని ఉన్నాయో కాదు. ఇది తెలియకపోతే ఏ పచ్చదనమూ లేని బోడినేలే మేలని తేలుతుంది!

ఇవన్నీ ఒక్కసారి చేస్తే రికార్డులో రెండు పేజీలు, అంతే. ఏటా ఆగస్టులో అదే పొలం, అదే చోట్లు, అదే పద్ధతి అయితే నాలుగో బ్యాచ్ నాటికి మాట్లాడదగ్గ లెక్క చేతికొస్తుంది. అందుకు కాలేజీ చేయాల్సింది కొత్త పొలం వెతకమని పంపకుండా పాత నోట్‌బుక్ చేతికివ్వడం. అందులో సర్వే నంబరు, ఏ గట్టు నుంచి ఎన్ని అడుగులకు తవ్వారో, ముందు వారం కురిసిన వాన, అంతకు ముందు వేసిన పంట, చివరిసారి వేసిన ఎరువు, మందు ఉండాలి. ఒక కాపీ రైతు ఇంట్లోనే ఉండాలి. పొలం కౌలుకు మారితే ఆ మాట కూడా అందులోనే రాయాలి, ఎందుకంటే సేద్యం తీరు మారాక పాత అంకెలతో కొత్త అంకెలను కలపలేం.