పాస్‌పోర్టు వెంటపడే పన్ను

అమెరికాలో పుట్టి, నడక రాకముందే తల్లిదండ్రులతో హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చేసిన పిల్లలు తెలుగు కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. వారిలో కొందరు ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్నారు. జీతం ఇక్కడే, ఇల్లు ఇక్కడే, నెలనెలా పన్ను కోత కూడా ఇక్కడే. అయినా ఆదాయం పరిమితి దాటితే ఏటా అమెరికా పన్నుల శాఖకు రిటర్ను వేయాల్సిందే. అక్కడ ఒక్క డాలరు సంపాదించకపోయినా, అక్కడి బడి గుమ్మం తొక్కకపోయినా మినహాయింపు లేదు. తన పౌరుడు ప్రపంచంలో ఏ మూల సంపాదించినా అందులో తనకు వాటా అడిగే హక్కు ఉందన్నది అమెరికా వాదం. ఇది అన్యాయమైన విధానం. అతుకులు వేసి నిలబెట్టడం మాని దీన్ని ఎత్తివేయాలి.

దీని మూలాలు 1861లో, అంతర్యుద్ధం ఖర్చుల కోసం పెట్టిన తొలి ఆదాయపు పన్నులో ఉన్నాయి. 1924లో మెక్సికో నగరంలో స్థిరపడిన కుక్ అనే అమెరికన్ దీన్ని సవాలు చేస్తే సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షమే వహించింది. పౌరుడు ఎక్కడున్నా ప్రభుత్వం వల్ల మేలు పొందుతూనే ఉంటాడని తీర్పు చెప్పింది.

ఈ విధానాన్ని సమర్థించేవారు నేటికీ అదే మాట చెబుతారు. పాస్‌పోర్టు రక్షణ ఇస్తుంది కాబట్టి పన్ను కట్టాలంటారు. ఈ నియమం లేకపోతే కోటీశ్వరులు ఆదాయపు పన్ను లేని దుబాయ్‌కో మొనాకోకో మకాం మారుస్తారంటారు. విదేశంలో సంపాదించిన జీతంలో 2025కి 1,30,000 డాలర్ల దాకా మినహాయింపు ఉందని, విదేశంలో కట్టిన పన్నును అమెరికా పన్నులోంచి తగ్గించుకోవచ్చని, అందువల్ల చాలామంది కట్టాల్సింది సున్నాయేనని గుర్తుచేస్తారు. కానీ రక్షణ అన్ని దేశాలూ తమ పౌరులకు ఇస్తున్నాయి. దానికి బదులుగా దాదాపు ఏ దేశమూ విదేశంలోని జీతాల్లో వాటా అడగడం లేదు. పైగా విదేశాల్లో సంక్షోభం వచ్చి పౌరులను తరలించినప్పుడు, ఖర్చు తిరిగి చెల్లిస్తామని అమెరికా వారి చేత పత్రం మీద సంతకం పెట్టించుకుంటుంది. అలాంటప్పుడు ఈ పన్ను ఏ సేవకు?

ఇక ఆ సున్నా సంగతి. అది నిరూపించుకునే భారమే అసలు శిక్ష. విజయవాడలో ఒక తాతగారు అమెరికాలో పుట్టిన మనవరాలి పేరిట నెలనెలా మ్యూచువల్ ఫండులో కొంత వేస్తూ వచ్చారనుకుందాం. అమెరికా దృష్టిలో అది విదేశీ ఫండు. సంపన్నులు విదేశీ ఫండ్ల చాటున పన్ను వాయిదా వేసుకోకుండా 1986లో తెచ్చిన చట్టం ఈ అమ్మాయికీ వర్తిస్తుంది. పెట్టుబడుల విలువ 25,000 డాలర్లు దాటితే ఏటా ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం నింపాలి. అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని దాచుకున్న సంవత్సరాలన్నిటికీ పంచి, గడిచిన ఏళ్ల వాటాపై ఆయా ఏటి గరిష్ఠ రేటుతో పన్ను వేసి, ఆలస్యమైందంటూ వడ్డీ కూడా కలుపుతారు. మన ప్రభుత్వం పన్ను లేదన్న పీపీఎఫ్ వడ్డీ అక్కడ పన్ను పడే ఆదాయమే. తల్లిదండ్రులను చూసుకోవడానికి గ్రీన్‌కార్డు వదులుకోకుండా తిరిగివచ్చినవారికీ ఇవే తిప్పలు.

పెళ్లయితే చిక్కు ఇంకా బిగుస్తుంది. భార్యో భర్తో అమెరికా పౌరులు కాకపోతే సాధారణంగా విడిగా రిటర్ను వేయాలి. అలా వేసేవారికి రిటర్ను తప్పనిసరి చేసే ఆదాయ పరిమితి 5 డాలర్లు. అవును, ఐదే. కలిసి వేస్తామంటే అమెరికా ముఖమే చూడని జీవిత భాగస్వామి జీతాన్ని కూడా ఆ పన్ను పరిధిలోకి తేవాలి.

విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే మరో నివేదిక ఇవ్వాలి. నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో జాయింటుగా పేరున్నా అది లెక్కలోకే వస్తుంది. రుమేనియాలో ఉంటూ ఈ నివేదికలు ఇవ్వాలని తెలియని బిట్నర్ అనే ద్వంద్వ పౌరుడికి ఐదేళ్లకు 27.2 లక్షల డాలర్ల జరిమానా వేశారు. ఖాతాకు ఒకటి చొప్పున లెక్కగట్టారు మరి. 2023లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురు తేడాతో దాన్ని 50,000 డాలర్లకు తగ్గించింది. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే ఆ జరిమానా అలాగే నిలిచేది. ఎగవేతదారును పట్టుకోవడానికి పన్నిన వల ఇది. కానీ అందులో పడుతున్నది ఆడిటర్‌కు ఫీజు కట్టుకోలేని మామూలు ఉద్యోగి.

ప్రపంచంలో ఇలా పౌరసత్వాన్ని బట్టి పన్ను వేసే మరో దేశం ఎరిట్రియా. ప్రవాసుల నుంచి రెండు శాతం వసూలు చేస్తుంది. ఆ పన్నును బెదిరింపులతో వసూలు చేయడం ఆపాలని 2011లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానించింది. అమెరికా దానికి అనుకూలంగా ఓటు వేసింది. తీర్మానం తప్పుబట్టింది వసూలు తీరును, ఆ డబ్బుతో పొరుగు దేశాల్లో రేపుతున్న చిచ్చును. సరే, అమెరికా వసూలు తీరు ఎలాంటిది? తన పౌరుల ఖాతాల వివరాలు ఇవ్వని విదేశీ బ్యాంకులకు తన దేశం నుంచి వెళ్లే చెల్లింపుల్లో 30 శాతం కోత పెడతానని 2010లో ఫాట్కా అనే చట్టం చేసింది. ఆ వివరాలు ఇచ్చేందుకు భారత్ 2015 జులైలో అమెరికాతో ఒప్పందంపై సంతకం చేసింది. ఇవాళ మనం ఖాతా తెరిచేటప్పుడు పూర్తిచేసే ఫాట్కా డిక్లరేషన్ దాని ఫలితమే. ఆ బెడద ఎందుకని మన ఫండు సంస్థలు కొన్ని అమెరికా పౌరుల డబ్బే తీసుకోవడం లేదు.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది మన దేశంలో పడిన అడుగు. పన్ను నివాసాన్ని బట్టి వేయాలన్నది భారత్ ఎప్పటి నుంచో పాటిస్తున్న సూత్రం. 2020 బడ్జెట్ దానికి గండి కొట్టింది. మరే దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుడు ఎక్కడున్నా ఇక్కడి నివాసిగానే లెక్క అని ప్రతిపాదించింది. గల్ఫ్‌లో ఆదాయపు పన్ను లేదు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ నుంచి వెళ్లి ఎండలో కాయకష్టం చేసేవారి కుటుంబాలు బెంబేలెత్తాయి. గల్ఫ్ కార్మికులు తమ లక్ష్యం కాదని కేంద్రం మర్నాడే వివరణ ఇచ్చింది. తర్వాత భారత్‌లో వచ్చే ఆదాయం 15 లక్షలు దాటినవారికే అని సవరించింది. విదేశీ జీతం జోలికి రాబోమనీ అంటోంది. ఇవన్నీ నిజమే. అయితే పౌరసత్వాన్ని పన్నుకు ఆధారం చేసే నిబంధన మాత్రం చట్టంలోకి వచ్చి కూర్చుంది. ఆ 15 లక్షల పరిమితిని తగ్గించడానికి ఏ బడ్జెట్‌లోనైనా ఒక్క వాక్యం చాలు.