ఒట్టు తీసి గట్టున పెట్టి

అమెరికా పౌరసత్వం పుచ్చుకునే రోజున కుడిచెయ్యి పైకెత్తి ఒక ప్రమాణం చేయాలి. అందులో 'రినౌన్స్ అండ్ అబ్జ్యూర్' అని రెండు క్రియలు జంటగా వస్తాయి. మొదటిది, అంటే వదులుకోవడం, అందరికీ తెలిసిందే. రెండోదాన్ని మనవాళ్లు పక్కవాళ్ల గొంతులో గొంతు కలిపి లాగించేస్తారు. వందల ఏళ్ల వంశచరిత్ర ఉన్న మాటకు ఇదా మర్యాద?

లాటిన్‌లో 'జురారే' అంటే ఒట్టు వేయడం. 'అబ్' అంటే దూరంగా. 'అబ్జ్యూర్' అంటే ఒట్టేసి మరీ వదిలేయడమన్నమాట. కోర్టులో కూర్చునే జ్యూరీదీ ఇదే ఇల్లు. దొంగ ప్రమాణానికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న 'పర్జురీ' అనే పేరు కూడా ఈ ఇంటిదే. చుట్టరికం చూసైనా మనం కాస్త అనుమానించాల్సింది.

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో మాత్రం ఈ ఒట్టు నవ్వులాట కాదు. హత్యో దొంగతనమో చేసినవాడు చర్చిలో దూరితే 40 రోజుల దాకా వాణ్ణి ముట్టుకోకూడదు. ఈలోగా కరోనర్ అనే రాజోద్యోగి ముందు నేరం ఒప్పుకుని, ఈ రాజ్యం వదిలిపోతానని ఒట్టేస్తే ప్రాణం దక్కుతుంది. సామానంతా రాజుగారికి. చేతిలో కొయ్య శిలువ పట్టుకుని, రాజమార్గం దిగకుండా, కరోనర్ చెప్పిన రేవుకు నడవాలి. చాలామందికి డోవర్ రేవు రాసిపెట్టి ఉండేది. ఓడ లేకపోతే రోజూ మోకాళ్ల లోతు సముద్రంలోకి దిగి, పోవడానికి నేను రెడీ అని చూపించుకోవాలి. రాజుగారి అనుమతి లేకుండా తిరిగొస్తే ఉరి.

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఇందులో పెద్ద లోపం కనిపించింది. పోయేవాళ్లలో మంచి నావికులు, విలుకాళ్లు ఉంటున్నారు, మన విద్యలన్నీ పరాయివాళ్లకు నేర్పేస్తున్నారు అని దిగులుపడి, ఇక దేశంలోనే పడి ఉండండని చట్టం తెచ్చాడు. మేధావుల వలస మీద మన టీవీ చర్చలు ఆయన వినలేదు కానీ, వింటే తల ఊపేవాడు.

ఈ 'అబ్జ్యూర్' మాట 1795లో అమెరికా పౌరసత్వ చట్టంలోకి ఎక్కింది, ఇప్పటికీ దిగలేదు. ఏ పరాయి రాజుకూ, ప్రభువుకూ, రాజ్యానికీ విధేయత ఉండదని చెప్పించుకుంటారు. వంశపారంపర్య బిరుదులుంటే అవీ వదలాలి. గుంటూరు కుర్రాడికి రాజెవరు? లేని రాజును వదులుకోవడానికి మనవాళ్లకు క్షణం పట్టదు. కులం సంగతి, అభిమాన హీరో సంగతి, ఊళ్లో ఎమ్మెల్యే టికెట్ ఎవరికివ్వాలన్న సంగతి ప్రమాణంలో ఎవరూ అడగలేదు కాబట్టి అవి చెక్కుచెదరకుండా ఇంటికొస్తాయి. డాలస్‌లో కార్ల ర్యాలీ తీసేది, తెలుగు సంఘం రెండుగా చీలితే ఎవరు ఎటో పేరు చివరి తోక చూసి చెప్పేసేది ఈ త్యాగధనులే.

మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఆ ప్రమాణంతోనే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు వాపసు ఇచ్చేసి విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటారు. దాంతో ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. అయినా ఎన్నికలొచ్చాయంటే నాన్నకు ఫోన్ చేసి ఎవరికి వేయాలో చెప్పేది వీళ్లే, ఊళ్లో ఎకరం రేటు అక్కడి రియల్టర్ కంటే ముందు తెలిసేదీ వీళ్లకే.

కాబట్టి నాదొక సవినయ ప్రతిపాదన. పాత పద్ధతి మళ్లీ తేవాలి. కొయ్య శిలువ వద్దు, మతం గొడవ వస్తుంది. సామాను రాజుగారికి అప్పగించమన్నా ఒప్పుకోరు, ఇంటి లోన్ ఇంకా తీరలేదంటారు. ఆ మోకాళ్ల లోతు నీళ్లు చాలు. ప్రమాణం చేశాక కూడా రాజధాని ఎక్కడుండాలో గంటసేపు ఉపన్యాసమిచ్చినవాళ్లు ఆ వారమంతా రోజూ నీళ్లలో దిగి నిలబడాలి. డాలస్‌కు సముద్రం లేదంటారా? అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలు ఆడుకునే వైపు సరిపోతుంది. ఫోన్ మాత్రం గట్టున పెట్టి దిగాలి.