కనుమ కోడికి ఆషాఢంలోనే చెప్పుకోవాలి

తిట్టుకున్నా పర్లేదు, ఒక మాట చెప్తాను. భోగి సాయంత్రం బజారుకెళ్ళి "నాటుకోడి ఉందా?" అని అడిగేవాళ్ళకి నాటుకోడి దొరకదు. దొరికిందని అనుకుంటారు, అంతే. పోయిన పండక్కి నేనూ అలాగే అనుకున్నాను.

రోడ్డు పక్కన ఇనప జాలీలో ఎర్రగా మెరుస్తున్న పుంజులు. ప్రాణంతో తూకం, కిలో 650. రెండున్నర కిలోలది ఒకటి తీసుకుని, కాల్పించి, పసుపు రాయించి మరీ తెచ్చాను. కనుమ నాడు ఓ పక్క గారెలకి పిండి రుబ్బుతూ అమ్మ కుక్కర్ పెట్టింది. మూడో విజిల్‌కే ముక్క ఎముకనొదిలేసింది. అమ్మ గరిటెతో ఒక్కసారి తిప్పి, "ఇది నాటుదా, నాటుదని చెప్పి అమ్మిందా?" అంది. మా ఇంట్లో ఆ మాట ఇంకా నడుస్తోంది. టమాటాలు కొనుక్కొచ్చినా "నాటువేనా నాన్నా?" అంటోంది మా అమ్మాయి.

అది కలర్ కోడి, అంటే నాటుకోడిలా రంగు ఈకలుండే సంకర జాతి. ఆ కోళ్ళని నేనేమీ అనను. వనరాజా, గ్రామప్రియ లాంటివి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసింది. అవి వచ్చాక పల్లెల్లో నాలుగు గుడ్లు ఎక్కువ దొరికాయి. వాటిని వాటి పేరుతో, వాటి రేటుకి అమ్మితే నేనే కొంటాను. కానీ రంగు ఈకలున్న ప్రతిదాన్నీ నాటుకోడి అంటే ఎలా? ముక్కు కొన కోసి ఉందంటే అది షెడ్డులో గుంపుగా పెరిగిందని అర్థం. పెరట్లో తిరిగే కోడికి ముక్కు ఎవరూ కొయ్యరు. ఆ ఒక్కటీ చూడకుండా, పందెం పుంజుల రంగుల్లో డేగకీ కాకికీ తేడా తెలిసిన మొనగాడిలా ఈకలు చూసి మురిసిపోయాను.

మా మేనత్త వాళ్ళ ఊరు మెట్టలో. అక్కడ ఒకావిడ ఇరవై ముప్పై కోళ్ళు పెంచుతుంది. వేసవిలో వెళ్ళినప్పుడు గడప మీద కూర్చుని అడిగాను, "పండక్కి అందరూ అడుగుతారు కదా పిన్నీ, ఎక్కువ పెంచొచ్చుగా?" అని. ఆవిడ నా వైపు జాలిగా చూసింది. తర్వాత లెక్క చెప్పింది.

పెట్ట ఓ పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. 21 రోజులు. పిల్లలు దిగాక రెండు మూడు నెలలు వాటి వెంటే తిరుగుతుంది, మళ్ళీ గుడ్డు పెట్టదు. పన్నెండులో తొమ్మిది పిల్లలయ్యాయనుకోండి, గద్దకి రెండు, ముంగిసకి ఒకటి, వానకి తడిసి రెండు. మిగిలిన నాలుగులో పుంజులు రెండే అవ్వొచ్చు. ఈలోపు కోళ్ళని గుంపుగా చంపే కొక్కెర తెగులు తగిలిందా, గంప బోర్లించుకోవడమే. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. ఈ పుంజుకి ఆ బరువు రావాలంటే ఆరేడు నెలలు. ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. కనుమకి కోసే పుంజు జ్యేష్ఠంలోనో ఆషాఢంలోనో గుడ్డులోంచి బయటికి రావాలి. అంటే పిల్లలు ఎక్కువగా పోయే ముసురు రోజుల్లో. మనకేమో జనవరిలో మూడు రోజులు మాత్రమే గుర్తొస్తుంది. ఊరూవాడా ఒకేసారి అడిగితే ఆ పెట్ట ఏం చెయ్యాలి? ఆ ఖాళీలోకే ఇనప జాలీ వస్తుంది.

ఇంకోటి, ఇది చెప్తే పందేలవాళ్ళూ, పందేలు వద్దనేవాళ్ళూ ఇద్దరూ నామీద పడతారు. కత్తి కట్టి ఆడించడం నాకు నచ్చదు, చట్టమూ ఒప్పుకోదు. కానీ పందేల జాతి అసిల్ పుంజు మన దగ్గర ఇంకా కనిపిస్తోందంటే బరి దగ్గర దానికున్న గిరాకీయే పెద్ద కారణం. పళ్ళెంలోకి కావాలనుకునేవాళ్ళం జాతిని నిలబెట్టడానికి చేసిందేమీ లేదు. పశువుల, కోళ్ళ జాతుల్ని నమోదు చేసే కర్నాల్‌లోని జాతీయ సంస్థ జాబితాలో కాళహస్తి, డంకి, ఘాగస్ అని మన వైపు కోళ్ళకి విడివిడిగా పేర్లున్నాయి. మనకేమో అన్నీ కలిపి "నాటు".

అలాగని బ్రాయిలర్‌కి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారని వాట్సాప్‌లో తిప్పకండి. అది తొందరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. ఆదివారం మా ఇంట్లోనూ అదే. నాటుకోడి మందూ కాదు, మహిమా లేదు. గట్టి ముక్క, గంటసేపు ఉడికిన పులుసు, అందులో నానిన గారె... నాకు ఆ రుచి చాలు.

బేరం దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఆన్‌లైన్‌లో పిజ్జాకి డెలివరీ ఛార్జీతో సహా కట్టేసి, ఏడు నెలలు కాపలా కాసినావిడ దగ్గర "వంద తగ్గించు పిన్నీ" అంటాం. నేనూ అన్నాను, కాదనను. పైగా తూకం! ఊళ్ళో కోడి లెక్కన అమ్మే మనిషిని కాటా తెమ్మంటాం.

ఈసారి ఆ పిన్ని దగ్గర ఆషాఢంలోనే రెండు పుంజులకి చెప్పాను. సగం డబ్బు ఇవ్వబోతే, "ముందు కోడి బతకనీ బాబూ" అని పుచ్చుకోలేదు. నేనే బలవంతంగా నూకలకనీ తౌడుకనీ చేతిలో పెట్టొచ్చాను. పుంజు పోతే ఆ డబ్బు అడగనని కూడా చెప్పాను. అప్పుడు కాస్త గొప్పగానే అనిపించింది.

నిన్న ఫోన్ చేసింది. ఒకదాన్ని ముంగిస ఎత్తుకుపోయిందట. "నీ డబ్బులు తిరిగిచ్చేస్తా" అంటుంది, నేను వద్దంటాను, పది నిమిషాలు అదే గొడవ. మొత్తానికి ఈ కనుమకి ఎనిమిది మందికి ఒకటే పుంజు. అమ్మకి చెప్తే, "పులుసు కాస్త ఎక్కువ పెడతాలే, గారెలకి మినప్పప్పు ఇంకో కిలో తే" అంది.