ధర చీటీకి దాపరికం ఎందుకు?

ఆషాఢం వస్తోందంటే బట్టల దుకాణాల ముందు బ్యానర్లు లేస్తాయి. యాభై శాతం తగ్గింపు, ఒకటి కొంటే రెండు ఉచితం. ఏ ధర మీద యాభై శాతం అన్నది మాత్రం కొనేవాళ్లకు తెలిసే దారి లేదు. జ్యేష్ఠంలో పెళ్లి చీరలు చూడటానికి వెళ్లినప్పుడు అదే చీర ధర చీటీని ఫోన్‌లో ఫోటో తీసుకున్న ఇల్లాలు ఒక్కరే ఆ ప్రశ్న అడగగలరు. ‘ఇక్కడ ఫోటోలు తీయరాదు’ అనే బోర్డులు షోరూముల్లో కనబడుతున్న ఈ రోజుల్లో, ఆ ఒక్కరి పక్షాన నాలుగు మాటలు చెప్పాల్సి ఉంది. వ్యాపారులంతా ధర పెంచి తగ్గిస్తున్నారని మేం అనడం లేదు. అలా చేయనివారికి చీటీ ఫోటోతో వచ్చే నష్టమేమిటన్నదే మా ప్రశ్న.

దుకాణంలో ఫోన్ తీసేవాళ్లంతా ఆన్‌లైన్‌లో కొనడానికే తీస్తారనుకోవడం పొరపాటు. ఫ్రిజ్ కొనబోయే మనిషి తలుపు మీది స్టార్ లేబుల్‌ను ఫోటో తీస్తాడు. నాలుగు స్టార్లున్న రెండు ఫ్రిజ్‌లు ఏడాదికి తాగే కరెంటు యూనిట్లు ఒకటి కావు. ఆ స్టార్ ఏ కాలానికి వర్తిస్తుందో కూడా లేబుల్ మీదే ఉంటుంది. మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం మారితే అది వేరే సరుకు. ఇవన్నీ గుర్తుపెట్టుకుని ఇంటికి వెళ్లడం ఎవరి తరమూ కాదు. బిస్కెట్ ప్యాకెట్ మీది చీమ తలకాయంత అక్షరాలను పెద్దది చేసి చదువుకోవడానికి ఫోన్ తీసే పెద్దవాళ్లున్నారు. డాలస్‌లో ఉన్న కూతురికి వాట్సాప్‌లో అంచు, కొంగు పంపి ‘ఏది తియ్యమంటావే’ అని అడిగే తల్లులున్నారు. ఆ జవాబు వచ్చేవరకు సేల్స్‌మన్ చీరలు మడతపెట్టకుండా కూర్చుంటాడు, ఎందుకంటే అది బేరం తెగబోతోందనడానికి గుర్తని అతనికి తెలుసు.

బంగారం దగ్గర ఈ అవసరం ఇంకా ఎక్కువ. గ్రాము రేటు ఒకే ఊళ్లో దుకాణానికీ దుకాణానికీ పెద్దగా మారదు. మారేదంతా తరుగు, మజూరీ, రాళ్ల బరువు దగ్గరే. మొత్తం బరువెంత, రాళ్లు తీసేస్తే నికర బరువెంత, తరుగు ఎంత శాతం, హాల్‌మార్క్‌తో పాటు ఉండాల్సిన హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు కోడ్, ఉందా లేదా అన్నవి పక్కపక్కన పెట్టి చూసుకుంటేనే రెండు నెక్లెసుల మధ్య తేడా తెలుస్తుంది. కొన్ని చోట్ల కాగితం మీద లెక్క వేసి చూపిస్తారు గానీ, కొనకుండా లేస్తే ఆ కాగితం చేతికివ్వరు. లక్షలు పోసి కొనే వస్తువు లెక్కను జ్ఞాపకంలో మోసుకుపొమ్మనడం ఏం న్యాయం?

2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. సరుకు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ధర తెలుసుకోవడం కొనేవారి హక్కు. పోటీ ధరల్లో రకరకాల సరుకు అందుబాటులో ఉండేలా వీలైనంత వరకు భరోసా పొందడం కూడా హక్కే. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల కింద గరిష్ఠ చిల్లర ధర, నికర పరిమాణం, తయారీదారు పేరు లాంటివి ముద్రించేది కొనేవారు చదవడానికే. దుకాణం సొంత స్థలం కాబట్టి ఫోటోలు వద్దనే వీలు యజమానికి ఉంటుంది, కాదనం. కానీ ఫోన్ లాక్కుని గ్యాలరీ వెతికే అధికారం, ఫోటోలు బలవంతంగా తీసేయించే అధికారం సెక్యూరిటీ గార్డుకు లేవు.

వ్యాపారుల గోడు కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. అద్దె, కరెంటు, జీతాలు భరించి షోరూం నడిపేది ఒకరు, అమ్మకం జరిగేది మరొకరి యాప్‌లో. గంటసేపు ఏసీలన్నీ చూపించుకుని, టన్నేజీ ఎంత కావాలో కూడా సేల్స్‌మన్‌నే అడిగి తెలుసుకుని, మెట్లు దిగకముందే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. ఆ సేల్స్‌మన్‌కు ఇన్సెంటివ్ వచ్చేది బిల్లు పడితేనే. కొనే ఉద్దేశం లేనప్పుడు అతని మధ్యాహ్నం తినేయడం మర్యాద కాదు. కౌంటర్‌లో నిలబడ్డ అమ్మాయిలు పడేలా ఫోటోలు తీయడం అసలే తగదు. ఒక మాట అడిగి తీసుకోండి. ఆన్‌లైన్ రేటు తక్కువ కనబడితే దాన్ని అక్కడే చూపించి, ఎంతకిస్తారో అడగండి. లెక్క కూడా పూర్తిగా వేయండి. ఏసీ బిగించే చార్జీ, స్టాండ్, అదనపు రాగి పైపు కలిపితే రెండు ధరల మధ్య తేడా కరిగిపోవడం చాలామందికి అనుభవమే.

డిజైన్ల సంగతి వేరు. పోచంపల్లి ఇక్కత్‌లోనో ఉప్పాడ జాందానీలోనో ఒక కొత్త నమూనా నేయడానికి పట్టే శ్రమ వేరు, దాన్ని ఫోటోలోంచి ఎత్తుకుని పాలిస్టర్ మీద అచ్చు వేయడానికి పట్టే సమయం వేరు. చీరల వంటి రకాలను మగ్గానికే కేటాయించిన 1985 చట్టం ఉన్నా నకళ్లు ఆగడం లేదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. అయితే సరుకు బజారులోకి రాకముందే దరఖాస్తు పడాలి. మగ్గం మీద కూర్చున్న మనిషికి ఆ దారి చూపేదెవరు? ఈ దిగులుతో దుకాణదారు ఫోటో వద్దంటే అర్థం చేసుకోవచ్చు. చిక్కేమిటంటే, నకలు కొట్టేవాడు ఒక చీర కొనుక్కుపోతాడు, ఫోన్‌తో దొంగచాటుగా రావాల్సిన పని లేదు. పైగా గోడ మీద ఈ బోర్డు పెట్టిన షోరూమే సాయంత్రం యూట్యూబ్‌లో లైవ్ పెట్టి, ప్రతి కొంగూ కెమెరాకు ఆనించి చూపిస్తుంది. అక్కడ డిజైన్ చూపిస్తారు గానీ, చాలా వీడియోల్లో ధర అడిగితే మెసేజ్ చేయమంటారు. దాచాలనుకుంటున్నది నమూనానా, రేటునా?

ఈ అనుమానం పోవాలంటే దుకాణాలే ఒక అడుగు ముందుకు వేయాలి. సరుకు కోడ్, ధర, ఆ ధర ఎన్నాళ్లు ఉంటుందో రాసిన చీటీని కొన్నా కొనకున్నా చేతికివ్వాలి. దాని మీద దుకాణం ఫోన్ నంబరు ఎలాగూ ఉంటుంది, నాలుగు చోట్ల తిరిగినవాళ్లు మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది మరొకటి ఉంది. ఐరోపా సమాఖ్యలో 2022 మే నుంచి, తగ్గింపు ప్రకటించే వ్యాపారి అంతకుముందు కనీసం ముప్పై రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరను కూడా చూపాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చినా, పాత ధర చూపాలన్న ఇంత సూటి షరతు అందులో లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దాన్ని చేర్చాలి. ఈలోగా తెలుగు రాష్ట్రాల తూనికలు కొలతల అధికారులు ఆషాఢం సేల్ మొదలయ్యాక కాదు, నెల ముందే పెద్ద షోరూములకు వెళ్లి, ప్యాక్ చేసిన దుస్తుల చీటీలను తమ ఫోన్లలో తీసుకుని, సేల్ రోజున మళ్లీ వెళ్లాలి.