27 ఏళ్లకోసారా?

విదేశాంగ మంత్రి ఏదో ఒక చిన్న దేశానికి బయల్దేరితే చాలు, ఇన్నేళ్ల తర్వాత మన మంత్రి అక్కడికి వెళ్లడం ఇదే మొదటిసారి అంటూ ఢిల్లీలో ఘనంగా చెప్పుకుంటారు. 2022 డిసెంబరు చివర్లో జైశంకర్ సైప్రస్ చూసుకుని ఆస్ట్రియా వెళ్లినప్పుడు ఆ లెక్క 27 ఏళ్లు. అది గొప్పగా చెప్పుకునే సంగతా, గుట్టుగా ఉంచుకునే సంగతా?

చైనా పద్ధతి వేరు. 1991 నుంచి ఏటా ఆ దేశ విదేశాంగ మంత్రి కొత్త సంవత్సరంలో తొలి పర్యటనకు ఆఫ్రికాకే వెళ్తున్నారు. 2025 జనవరిలో వాంగ్ యీ నమీబియా, కాంగో రిపబ్లిక్, చాద్, నైజీరియా తిరిగారు. చాద్ అధ్యక్షుణ్ని ఆయన కలిసిన రోజు రాత్రే ఆ దేశ రాజధాని ఎన్‌జమెనాలో అధ్యక్ష భవనంపై దాడి జరిగింది. అయినా నైజీరియా కార్యక్రమం ఆగలేదు. గనుల మీద ఆశ, అప్పుల మీద పట్టు ఈ రాకపోకల వెనుక ఉన్నాయన్నది అందరికీ తెలిసిందే. కానీ జనవరి వస్తే చైనా మంత్రి వస్తాడన్న నమ్మకం ఆఫ్రికాలో కుదిరిపోయింది. మనమో? మూడో భారత్-ఆఫ్రికా శిఖరాగ్ర సదస్సు 2015లో ఢిల్లీలో జరిగింది. నాలుగోది 2020లో జరగాల్సి ఉండగా కొవిడ్ అడ్డొచ్చింది. కొవిడ్ పోయాక కూడా వాయిదాలు పోలేదు.

డేట్లు కుదర్చడం మాటలు కాదు, ఒప్పుకుంటాం. అవతలి మంత్రి ఊళ్లో ఉండాలి, ఇక్కడ పార్లమెంటు ఉండకూడదు, గల్ఫ్ అయితే రంజాన్ చూసుకోవాలి. ఏ దేశం ముందు, ఏది తర్వాత అన్నదానికీ అర్థాలు తీస్తారు. 2025 ఆగస్టులో వాంగ్ యీ ఢిల్లీలో సరిహద్దు చర్చలు ముగించుకుని కాబూల్ మీదుగా ఇస్లామాబాద్ చేరారు. అదే నెలాఖరున మన ప్రధాని ముందు జపాన్‌లో ఆగి, ఆ తర్వాతే చైనాలోని తియాంజిన్‌లో దిగారు. రెండూ యాదృచ్ఛికం అనుకునే అమాయకులు ఏ రాజధానిలోనూ ఉండరు.

బాగా కుదిరిన షెడ్యూల్ మన దగ్గరా ఉంది. 2023 ఏప్రిల్‌లో సూడాన్ పోరులో మనవాళ్లు చిక్కుకున్న టెన్షన్‌లోనూ జైశంకర్ పర్యటన రద్దు చేసుకోలేదు. దారిలో న్యూయార్క్‌లో ఆగి ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెరస్‌తో సూడాన్ గురించి మాట్లాడి, గయానా వెళ్లారు. అక్కడ కరీబియన్ దేశాల మంత్రులతో, పనామాలో మధ్య అమెరికా మంత్రులతో ఉమ్మడి సమావేశాలు పెట్టుకున్నారు. తర్వాత కొలంబియా, డొమినికన్ రిపబ్లిక్. ఒక్కో దేశానికీ విడిగా వెళ్లాలంటే ఏళ్లు పట్టే పని ఒక్క ప్రయాణంలో అయింది. అప్పుడప్పుడూ మెరిసే ఈ తెలివి ఏటా ఎందుకు కనబడదన్నదే మా ప్రశ్న.

బడ్జెట్ సమావేశాల మధ్య పార్లమెంటుకు విరామం ఉంటుంది. అందులో ఒక వారం ఏటా ఆఫ్రికాదేనని విదేశాంగ శాఖ ముందే ప్రకటించాలి. మంత్రికి వీలుకాని ఏడాది సహాయ మంత్రుల్లో ఒకరు వెళ్లాలి తప్ప ఆ వారం రద్దు కాకూడదు. వచ్చేది ఎప్పుడో తెలిస్తే అక్కడి మన రాయబారి ఒప్పందాల ముసాయిదాలు ముందుగా సిద్ధం చేసుకోగలడు. పోయినసారి ఇచ్చిన హామీ ఎంతవరకు వచ్చిందని అడగడానికి అవతలివాళ్లకూ ఒక తేదీ ఉంటుంది. మన అధికారులకు ఇబ్బందిగా తోచేది బహుశా ఆ రెండోదే.